లీటరుకు లెక్క ఉంది, డబ్బుకు గడువు లేదు

చెరకు తోలిన రైతుకు ఫ్యాక్టరీ 14 రోజుల్లో డబ్బు చెల్లించాలి. గడువు దాటితే, ఆలస్యమైన కాలానికి ఏడాదికి 15 శాతం చొప్పున వడ్డీ కలపాలి. 1966 నాటి చెరకు నియంత్రణ ఉత్తర్వు పెట్టిన షరతు ఇది. దానికి ఆధారం 1955 నాటి నిత్యావసర సరుకుల చట్టం. అదే చట్టం కింద కేంద్రం 1992 జూన్ 9న పాలు, పాల ఉత్పత్తుల ఉత్తర్వు కూడా తెచ్చింది. ఏ డెయిరీ రిజిస్టర్ చేసుకోవాలో, ఎంత శుభ్రత పాటించాలో అందులో రాశారు. పాలు పోసిన రైతుకు ఎన్ని రోజుల్లో డబ్బివ్వాలో మాత్రం రాయలేదు.

చెరకు ఏడాదికి ఒకసారి నరుకుతారు. పాలు పూటపూటా పోస్తారు. రోజుకు రెండు పూటల చొప్పున ఏడాదికి 730 సార్లు తూకం, 730 సార్లు పరీక్ష, 730 సార్లు రేటు కట్టడం. ఇన్నిసార్లు చేతులు మారే సరుకుకు కొలత మీదా చెల్లింపు మీదా గట్టి నిబంధన ఉండాలని ఎవరైనా అనుకుంటారు. మన దగ్గర గట్టి నిబంధనలన్నీ ప్యాకెట్టు మీదే ఉన్నాయి.

1992 ఉత్తర్వు ఎందుకు పుట్టిందో చూస్తే కారణం తెలుస్తుంది. 1991 సరళీకరణతో డెయిరీ పెట్టడానికి లైసెన్సు అక్కర్లేకుండా పోయింది. ఆపరేషన్ ఫ్లడ్ పథకం 1970 నుంచి కూడగట్టిన సహకార సంఘాల పాలను కొత్తగా వచ్చే ప్రైవేటు డెయిరీలు తన్నుకుపోతాయన్న భయం మొదలైంది. అందుకే రోజుకు 10,000 లీటర్లకు మించి పాలు, లేదా ఏడాదికి 500 టన్నులకు మించి పాల ఘనపదార్థాలు వాడే ప్రతి డెయిరీ రిజిస్టర్ కావాలన్నారు. ఏ డెయిరీ ఏ ఊళ్లలో పాలు సేకరించాలో హద్దులు గీశారు. 2002లో ఆ హద్దులు ఎత్తేశారు. 2011 ఆగస్టులో ఆహార భద్రత, ప్రమాణాల చట్టం పూర్తిగా అమల్లోకి రావడంతో 1992 ఉత్తర్వే రద్దయింది. రిజిస్ట్రేషన్ పని ఆ చట్టం కింది సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ చేతికి వెళ్లింది. ఆ ఉత్తర్వు డెయిరీకీ డెయిరీకీ మధ్య తగవు తీర్చడానికి పుట్టింది, ఆ తగవు ముగియగానే పోయింది. రైతుకూ డెయిరీకీ మధ్య లావాదేవీని అది ఏనాడూ పట్టించుకోలేదు. ఆ తర్వాత వచ్చిన ఆహార భద్రత చట్టమైతే, దాని నిబంధనలు రైతుకు వర్తించవని 18వ సెక్షన్‌లోనే చెప్పేసింది. రైతు మీద కేసులు పడకుండా కాపాడే మంచి మాట అది. కానీ రైతు బాకీ గురించి కూడా ఆ చట్టంలో వెతకడానికి ఏమీ లేదు.

ప్యాకెట్టుకు దశాంశం దాకా లెక్క

కొట్లో కొనే పాలకు మన ప్రమాణాలు బాగానే ఉన్నాయి. ఫుల్ క్రీమ్ పాలలో వెన్న 6 శాతం, వెన్న కాని ఘనపదార్థాలు, అంటే ఎస్‌ఎన్‌ఎఫ్, 9 శాతం ఉండాలి. స్టాండర్డైజ్డ్ పాలలో 4.5, 8.5. టోన్డ్ పాలలో 3, 8.5. డబుల్ టోన్డ్‌లో 1.5, 9. అధికారి శాంపిల్ తీస్తాడు, ల్యాబుకు పంపుతాడు, అంతకు తగ్గితే జరిమానా పడుతుంది.

ఇక్కడే ఒక చిన్న లెక్క వేసి చూడాలి. రైతు దగ్గర కొన్న 6 శాతం వెన్న ఉన్న గేదె పాలు 100 కిలోలు తీసుకుందాం. వాటిలో వెన్న 6 కిలోలు. 3 శాతం వెన్నతో పాలు చేయాలంటే, 40 శాతం వెన్న ఉండే క్రీమ్ సుమారు 8.1 కిలోలు తీయాలి. మిగిలేవి 91.9 కిలోల పాలు. తీసిన ఆ క్రీమ్‌లో 3.24 కిలోల వెన్న ఉంటుంది. అది నెయ్యి అవుతుంది, ఐస్‌క్రీమ్ అవుతుంది, పండగ రోజుల్లో స్వీటు షాపుల్లో కోవా పక్కన చేరుతుంది. అంటే రైతు పోసిన వెన్నలో సగానికి పైగా మరో సరుకుగా, మరో ధరకు అమ్ముడవుతుంది. ఇందులో తప్పేమీ లేదు, డెయిరీ వ్యాపారమంటేనే అది. వెన్న శాతం రీడింగులో ఒక్క దశాంశం ఎంత విలువైనదో తెలియడానికే ఈ లెక్క చెప్పాల్సి వచ్చింది.

పాల కేంద్రంలో వేసే లెక్క

గేదె పాలకు చాలాచోట్ల కిలో వెన్నకు ఇంత అని రేటు కడతారు. ఆవు పాలకు వెన్న, ఎస్‌ఎన్‌ఎఫ్ రెండూ కలిపి మొత్తం ఘనపదార్థాల మీద కట్టే పద్ధతి ఎక్కువ. రేట్లు డెయిరీని బట్టీ కాలాన్ని బట్టీ మారుతుంటాయి. లెక్క సులువుగా సాగడానికి కిలో వెన్న రూ. 800 అనుకుందాం.

లీటరు పాల బరువు సుమారు 1.03 కిలోలు. 6 శాతం వెన్న అంటే 61.8 గ్రాములు. రూ. 800 చొప్పున లీటరుకు రూ. 49.44 రావాలి. ఇదే పాలను లీటర్లలో కొలిచి, లీటరంటే కిలో అన్నట్టు లెక్క కడితే వెన్న 60 గ్రాములే అవుతుంది, రేటు రూ. 48కి దిగుతుంది. పాలలో చుక్క నీళ్లు కలవలేదు, మీటరు చెడిపోలేదు. లీటరుకు రూ. 1.44 పోయింది. రోజుకు 10 లీటర్లు పోసే రైతుకు ఏడాదిలో ఇది రూ. 5,256. చిన్న రైతు ఇంట్లో ఈ డబ్బు దాణా బస్తాలుగా మారేది.

వెన్న రీడింగు 0.1 శాతం తక్కువ పడితే లీటరుకు 82 పైసలు తగ్గుతుంది. 10 లీటర్ల రైతుకు ఏడాదికి రూ. 3,000 పైచిలుకు. రోజుకు 500 లీటర్లు వచ్చే కేంద్రంలో ఇదే 0.1 అందరికీ తగ్గితే రోజుకు రూ. 412, ఏడాదికి రూ. 1,50,380. వెన్న కొలిచే మిషన్ సరిగా కడగకపోయినా, ప్రమాణ పాలతో సరిచూసుకోకపోయినా ఆ మాత్రం తేడా రావచ్చు. ఎవరో పనిగట్టుకుని మోసం చేయనక్కర్లేదు.

ఇంకో సంగతి ఎవరి కంటా పడదు. మిషన్‌లో 6.07 పడితే చీటీ మీద 6.0 వేసే అలవాటు ఉంటే, రెండో దశాంశం ప్రతిసారీ డెయిరీ వైపే పోతుంది. సగటున ఆ నష్టం 0.05 శాతానికి దగ్గరగా ఉంటుంది. పైన చెప్పిన కేంద్రంలో అది ఏడాదికి రూ. 75 వేల లెక్క. రేటు చార్టు రెండు దశాంశాలకు ఉంటే ఈ సమస్యే రాదు.

ఆవు పాల దగ్గర పాల సాంద్రత కొలిచే లాక్టోమీటరు ముఖ్యం. ఎస్‌ఎన్‌ఎఫ్ కట్టే సూత్రం ఇలా ఉంటుంది: సరిచేసిన లాక్టోమీటరు రీడింగులో నాలుగో వంతు, దానికి వెన్న శాతంలో పావు వంతు, చివర 0.44 కలపాలి. రీడింగు 28, వెన్న 4 అయితే 7, 1, 0.44 కలిసి 8.44 వస్తుంది. చివర కలిపే ఆ స్థిరాంకం అన్నిచోట్లా ఒకటి కాదు. 0.36 వాడితే అవే పాలు 8.36కి దిగుతాయి. కనీసం 8.5 లేదా 8.3 ఉండాలని గీత గీసి, అంతకు తగ్గితే మెట్టు మెట్టుగా కోత వేసే చార్టుల్లో ఈ 0.08కి చాలా బరువుంటుంది. ఏ సూత్రం వాడుతున్నారో చార్టు మీద రాసి పెట్టమని ఏ రైతు అడిగినా తప్పు లేదు.

ఉష్ణోగ్రత సంగతి కూడా ఉంది. ఇక్కడ వాడే లాక్టోమీటర్లు సాధారణంగా 27 డిగ్రీల సెల్సియస్‌కు సరిచూసినవి. పాలు అంతకంటే వెచ్చగా ఉంటే రీడింగు తగ్గుతుంది. డిగ్రీకి సుమారు 0.2 కలిపి సరిచేయాలి. అప్పుడే పితికి తెచ్చిన 32 డిగ్రీల పాలకు సరిచేయడం మరిచిపోతే రీడింగులో 1 పోతుంది, ఎస్‌ఎన్‌ఎఫ్‌లో 0.25 శాతం పోతుంది. కిలో ఘనపదార్థాలకు రూ. 280 అనుకుంటే లీటరుకు 72 పైసలు. ఇంటి పక్కనే కేంద్రం ఉన్న రైతు పాలు గోరువెచ్చగా చేరతాయి కాబట్టి ఈ నష్టం ఆ రైతుకే ఎక్కువ.

శాంపిల్ పాలు కూడా లెక్కలోకి రావాలి. 100 మంది పోసే కేంద్రంలో పూటకు మనిషికి 50 మిల్లీలీటర్లు తీశారనుకుంటే రోజుకు 10 లీటర్లు. రూ. 49.44 చొప్పున ఏడాదికి రూ. 1,80,456. సహకార సంఘంలో ఆ పాలు అమ్మిన డబ్బు సంఘం ఖాతాలో పడుతుంది, లాభంలో కలిసి బోనస్ రూపంలో తిరిగొచ్చే వీలుంటుంది. ప్రైవేటు ఏజెంటు దగ్గర ఆ పాలు ఎవరివో రాసిన కాగితమే ఉండదు.

ఈ పైసలన్నీ విడివిడిగా చూస్తే చిన్నవే. కానీ పాడిలో రైతుకు మిగిలేదే లీటరుకు కొద్ది రూపాయలు. కోత పడేది ఆ కొద్దిపాటి మిగులులోంచే.

ప్రోత్సాహకం ఎవరికి చేరుతుంది?

ధర గిట్టుబాటు కాదని రైతులు రోడ్డెక్కినప్పుడు ప్రభుత్వాలు ఎక్కువగా చేసే పని లీటరుకు ఇంతని ప్రోత్సాహకం ప్రకటించడం. కర్ణాటక 2008లో రూ. 2తో మొదలుపెట్టి 2016 నాటికి రూ. 5 చేసింది. తెలంగాణ 2014లో విజయ డెయిరీకి పోసే వారికి రూ. 4 ప్రకటించి, 2017లో ముల్కనూరు మహిళా డెయిరీ, కరీంనగర్ డెయిరీ, నల్గొండ–రంగారెడ్డి మదర్ డెయిరీ రైతులకూ వర్తింపజేసింది.

ఇవి రైతును ఆదుకున్నాయి, కాదనను. కానీ ఎంతమందిని? 2023-24లో దేశంలో పాల ఉత్పత్తి 23.93 కోట్ల టన్నులు. రోజుకు సుమారు 65 కోట్ల కిలోలు. అదే సమయంలో సహకార సంఘాలు సేకరించినవి రోజుకు 6.6 కోట్ల కిలోలు. పదో వంతు. రెండో శ్వేత విప్లవం పేరుతో 2028-29 నాటికి దీన్ని రోజుకు 10.07 కోట్ల కిలోలకు పెంచాలని కేంద్రం లక్ష్యం పెట్టుకుంది. అది నెరవేరినా, ఉత్పత్తి కూడా పెరుగుతుంది కనుక చాలా పాలు సహకార గొడుగు బయటే ఉంటాయి. ఇంట్లో తాగేవి తీసేస్తే మిగిలినవి ప్రైవేటు డెయిరీలకూ, మధ్య దళారులకూ, హోటళ్లకూ, వీధిలో పోయించుకునే ఇళ్లకూ పోతాయి. సహకార సంఘం ద్వారా ఇచ్చే ప్రోత్సాహకం ఆ రైతుకు చేరదు.

ఇక చేరినచోట ఏం జరుగుతుందో మహారాష్ట్ర చూపించింది. 2024 జూలైలో అక్కడి ప్రభుత్వం ఆవు పాలకు డెయిరీలు లీటరుకు రూ. 30 ఇవ్వాలి, తాను రూ. 5 కలుపుతానంది. మొత్తం రూ. 35. అక్టోబరు నుంచి తన వాటాను రూ. 7కు పెంచింది. డెయిరీలు ఇవ్వాల్సింది రూ. 28కి తగ్గించింది. మొత్తం మళ్లీ రూ. 35. ఖజానా నుంచి లీటరుకు రూ. 2 ఎక్కువ పోయింది, రైతు చేతికి పైసా ఎక్కువ రాలేదు. పెరిగిన రూ. 2 డెయిరీకి ఊరట. పాలపొడి ధర పడిపోయిన కాలంలో డెయిరీలకు ఆ ఊరట అవసరమే కావచ్చు. అలాంటప్పుడు దాన్ని డెయిరీ సాయం అనే పేరుతోనే ఇవ్వాలి, రైతు పేరు మీద కాదు.

కొనేవాళ్ల ధర పెంచి రైతుకు ఇవ్వడం రెండో దారి. 2025 ఏప్రిల్ 1న కర్ణాటకలో నందిని టోన్డ్ పాలు లీటరు రూ. 42 నుంచి రూ. 46కి పెరిగాయి. పెరిగిన రూ. 4 రైతుకే అని ప్రకటించారు. వినియోగదారు ఇచ్చే రూపాయిలో దాదాపు 80 పైసలు రైతుకే చేరుతాయని అమూల్ తన ధరల ప్రకటనల్లో చెబుతూ ఉంటుంది. ఆ వాటా ఎంతో ప్రతి డెయిరీ ఏటా బయటపెట్టాలన్న నియమం ఉంటే వాటిని పక్కపక్కన పెట్టి చూసుకోగలిగేవాళ్లం.

డెయిరీని నడపాలా, కొలతను కాపాడాలా?

తెలుగు నేల మీద ఈ ప్రశ్న సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 1995 నాటి పరస్పర సహాయక సహకార సంఘాల చట్టం ప్రభుత్వ జోక్యం తగ్గిస్తామంటూ వచ్చింది. పాల సంఘాలు చాలా ఆ చట్టం కిందికి మారాయి. 2006లో ప్రభుత్వం చట్టం సవరించి పాల సంఘాలను ఆ గొడుగు నుంచి బయటికి తెచ్చి, మళ్లీ 1964 నాటి పాత చట్టం కిందికి తోయాలని చూసింది. ఆ సవరణ చెల్లదని హైకోర్టు చెప్పింది. 2011లో సుప్రీంకోర్టు కూడా అదే మాట అంది. సభ్యులు స్వేచ్ఛగా పెట్టుకున్న సంఘాన్ని ప్రభుత్వం తన ఇష్టం వచ్చినట్టు మార్చలేదన్నది ఆ తీర్పు సారం.

దాంతో సంఘాల యాజమాన్యం గురించి వాదన ఒక కొలిక్కి వచ్చింది కానీ రైతు కొలత గురించి కాదు. పెద్ద సహకార డెయిరీ మూతపడితే ఏమవుతుందో చిత్తూరు జిల్లా 2002లో చూసింది. ఆ తర్వాత అక్కడి రైతుకు ఎక్కువగా మిగిలింది ప్రైవేటు డెయిరీల మధ్య ఎంపికే. అక్కడా ఇంకెక్కడైనా రైతును కాపాడేది డెయిరీ ఎవరిది అన్నది కాదు, తూకం ఎవరు సరిచూస్తారు అన్నదే. ఆంధ్రప్రదేశ్ శాసనసభ 2023లో పాల సేకరణలో రైతుల రక్షణ, పాల ప్రమాణాల భద్రత పేరుతో ఒక చట్టం చేసింది. ఆలోచన సరైన దిశలోనే ఉంది. చట్టం విలువ మాత్రం ఊరి కేంద్రంలో మిషన్‌ను ఎన్నిసార్లు తనిఖీ చేశారన్న దాని మీదే తేలుతుంది.

ఇతర దేశాలు ఏం రాసుకున్నాయి?

అమెరికాలో పాల ధర విషయం మహా మాంద్యం రోజుల్లోనే కోర్టుకెక్కింది. న్యూయార్క్ రాష్ట్రంలో పాల బోర్డు క్వార్టు పాలకు 9 సెంట్లు ధర కట్టింది. క్వార్టు అంటే లీటరుకు కాస్త తక్కువ. రోచెస్టర్‌లో లియో నెబ్బియా అనే కిరాణా వ్యాపారి రెండు క్వార్టుల పాలు, 5 సెంట్ల రొట్టె కలిపి 18 సెంట్లకే ఇచ్చాడు. రొట్టె ఉచితమన్నమాట, నిబంధన దాటినట్టే. 1934లో సుప్రీంకోర్టు 5–4 తేడాతో ప్రభుత్వానికి ధర కట్టే అధికారం ఉందంది. 1937 చట్టంతో ఇప్పటి పద్ధతి స్థిరపడింది. ఇప్పుడు అక్కడ 11 ప్రాంతీయ ఉత్తర్వులున్నాయి. తాగే పాలు, పెరుగు వంటివి, జున్ను, వెన్న–పొడి అని వాడకాన్ని బట్టి నాలుగు తరగతుల ధరలు కట్టి, అన్నిటినీ ఒక నిధిలో కలిపి రైతులకు సమాన ప్రాతిపదికన పంచుతారు. నా పాలు పొడికి పోయాయి కాబట్టి నాకు తక్కువ అన్న మాట ఉండదు. నెలకు రెండు విడతల చెల్లింపు, వాటి తేదీలు ఉత్తర్వులోనే ఉంటాయి. తూకాన్నీ వెన్న పరీక్షనూ సరిచూసే అధికారం మార్కెట్ అడ్మినిస్ట్రేటరుకు ఉంటుంది. మనకు ఆ ధరల విధానమంతా అక్కర్లేదు. చివరి రెండు అంశాలు కావాలి.

ఆస్ట్రేలియా పాఠం ఇంకా దగ్గరిది. 2016లో ముర్రే గోల్బర్న్ అనే పెద్ద సహకార డెయిరీ సీజన్ చివర్లో ధర ఒక్కసారిగా తగ్గించింది, అప్పటికే పోసిన పాలకు కూడా. రైతులు అప్పుల్లో పడ్డారు. ఆ దెబ్బతో ప్రభుత్వం 2020 జనవరి 1 నుంచి తప్పనిసరి నియమావళి తెచ్చింది. ప్రతి ఏటా జూన్ 1 మధ్యాహ్నం 2 గంటలకల్లా డెయిరీలు తమ ఒప్పందాలను, కనీస ధరలను వెబ్‌సైట్లలో పెట్టాలి. వెనక్కి వెళ్లి ధర తగ్గించడానికి వీల్లేదు.

రాయాల్సినవి

నా అభిప్రాయంలో కనీస మద్దతు ధర కంటే ముందు రావాల్సినవి ఇవి. ప్రతి పూటా రైతుకు చీటీ, లేదా ఫోనుకు సందేశం వెళ్లాలి. అందులో కిలోలు, వెన్న, ఎస్‌ఎన్‌ఎఫ్ రెండు దశాంశాలతో, వాడిన సూత్రం, రేటు ఉండాలి. తూకం రాయికి ముద్ర వేసినట్టే పాల ఎనలైజరుకూ తూనికలు కొలతల శాఖ ముద్ర ఉండాలి. రీడింగు మీద అనుమానమొస్తే ఆమ్లం పోసి తిప్పే గెర్బర్ పరీక్ష అక్కడికక్కడే అడిగే హక్కు రైతుకు ఉండాలి. రేటు చార్టు మార్చే ముందు తేదీ ప్రకటించాలి. అన్నిటికన్నా ముఖ్యంగా, బిల్లు పక్షం ముగిశాక 15 రోజుల్లో డబ్బు పడాలి, లేకపోతే వడ్డీ కట్టాలి. రోజుకు 10 లీటర్లు పోసే రైతుకు పైన అనుకున్న రేటున రెండు నెలల బకాయి రూ. 29,664. దాని మీద 15 శాతం వడ్డీ నెలకు రూ. 371. ఆ రూ. 371 డెయిరీ కట్టకపోతే రైతు దాణా కొట్లో తన అప్పు మీద కడుతున్నాడు, అదీ ఇంకా ఎక్కువ రేటుకు.

చెరకుకు గడువున్నా బకాయిలు పేరుకోలేదా అని అడగొచ్చు. పేరుకున్నాయి. కానీ చెరకు రైతు కోర్టు గడప ఎక్కితే చూపించడానికి ఒక తేదీ, ఒక వడ్డీ రేటు ఉన్నాయి. పాడి రైతు చూపించడానికి డెయిరీ తానే రాసుకున్న కాగితం తప్ప ఏమీ ఉండదు.

ఆహార పదార్థాలు ఇప్పటికీ 1955 చట్టం పరిధిలోనే ఉన్నాయి. చెరకుకు ఇచ్చినట్టే పాలకూ 3వ సెక్షన్ కింద చెల్లింపు ఉత్తర్వు ఇవ్వడానికి పార్లమెంటు కొత్త చట్టం చేయాల్సిన పనిలేదు. అది వచ్చేదాకా పాడి రైతులకు ఒక విన్నపం: పూటపూటా ఇచ్చే చీటీలు పారేయకండి. నెల తిరిగాక బిల్లుతో కలిపి చూడండి, కిలోలా లీటర్లా అని అడగండి, సూత్రం ఏమిటని అడగండి. గ్రామసభకు వచ్చే నాయకులను గడువు గురించి అడగండి.